పిల్లల నవలలో కథ ఎవరు చెప్పాలి?

తిరుపతిలో ఏటా మే నెలలో జరిగే గంగజాతర మీద పిల్లల నవల రాస్తున్నామనుకుందాం. చందు అని తొమ్మిదేళ్ళ పిల్లవాడు. వాడికి అమ్మవారు పోసి మంచం పట్టినప్పుడు, బిడ్డ లేచి తిరిగితే జాతరలో ఆడవేషం కడతానని వాళ్ళ నాయన మునిరాజు తాతయ్యగుంట గంగమ్మకి మొక్కుకున్నాడు. మొక్కుబడికి మగవాళ్ళు చీర కట్టి, పూలు పెట్టి గుడికి పోవడం ఇక్కడ తరాలుగా ఉన్న ఆచారం. చందుకి ఆ మొక్కు సంగతి తెలియదు. జాతరనాడు నాయన ఆడవేషంలో వాడి ఎదురుగా వచ్చి నిలబడతాడు. వాడు గుర్తుపట్టడు.

సంఘటన ఇంతే. దీన్ని మార్చకుండా, చెప్పే మనిషిని మాత్రం మారుస్తూ పోదాం. ముందుగా అందరి మనసుల్లోకీ తొంగిచూడగల కథకుడు, అంటే సర్వసాక్షి:

"మునిరాజు భార్య పెళ్ళిచీరే కట్టుకున్నాడు. గుడి ముందు కొడుకు కనబడగానే అతని అడుగు ముందుకు పడలేదు. గుర్తుపడతాడేమోనని ఆశ, గుర్తుపడితే నవ్వుతాడేమోనని సిగ్గు. ఆ పట్టుచీరలో ఉన్నది తన నాయనేనని చందుకి తెలియదు. వాడు బెదిరిపోయి అవ్వ కొంగులో మొహం దాచుకున్నాడు."

ఇప్పుడు ఇదే చందు నోట:

"నాయన పొద్దున్నే యాడికో పొయినాడు. అమ్మనడిగితే వస్తాడులేరా అనింది. గుడికాడ జనం ఇరగబడి ఉండారు. ఒకామె పట్టుచీర కట్టుకోని, చేతిలో ఏపాకు పట్టుకోని నా ముందరికొచ్చి నిలబడింది. నన్నే చూస్తా ఉండాది. నాకు బయమేసి అవ్వ కొంగు పట్టుకున్యా. తల దించుకుంటే ఆమె కాళ్ళే కనబడినాయి. ఎడమకాలి బొటనేలికి గోరు లేదు. మా నాయనకీ లేదు, బండరాయి పడి ఊడిపాయ. ఆమె ఏమీ అనకుండా ఎళ్ళిపాయ."

రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే, 'వాడు' అన్నచోట 'నేను' పెట్టినంత మాత్రాన రెండోది తయారు కాదని తెలుస్తుంది. మొదటిదాంట్లో చదివే పిల్లకి రహస్యం ముందే తెలుసు. చందు కంటే ఒక మెట్టు పైన నిలబడి, 'ఒరే, అది మీ నాయనరా' అని లోలోపల అరుస్తూ చదువుతుంది. రెండోదాంట్లో ఆ పిల్లకి చందుకి తెలిసినంతే తెలుసు. అయినా ఆ బొటనవేలి గోరు దగ్గర చందు కంటే ముందు తనే పట్టేస్తుంది. చందు చూసిందే చెప్పాడు. ముడి విప్పడం చదువరి చేతిలో పెట్టాడు. పిల్లలకి చదవడంలో దొరికే పెద్ద సంతోషాల్లో ఇదొకటని నా నమ్మకం.

పోయినవీ ఉన్నాయి. చందు చెబుతుంటే మునిరాజు ఆశా సిగ్గూ మనకి దొరకవు. అతని మనసులోకి వెళ్ళే దారి మూసుకుపోయింది. అతను మొక్కుకున్న రాత్రి చందు జ్వరంతో మగతలో ఉన్నాడు కాబట్టి ఆ రాత్రి కూడా పోయింది. అది చదువరికి తెలియాలంటే ఎవరో ఒకరు చందు చెవిన పడేట్టు మాట్లాడాలి. అవ్వ పొరుగింటామెకి చెబుతుంటే వినాలి, లేకపోతే జాతర అయ్యాక అమ్మ పెట్టెలో చీర మడతపెడుతుంటే వాడు అడగాలి. అంటే సర్వసాక్షి నవలలో ఉన్న ఒక ప్రకరణం ఎగిరిపోయి, అందులో లేని ఒక సన్నివేశం కొత్తగా పుట్టింది. దృష్టికోణం మార్చడమంటే నిజానికి ఈ పని. ఏ విషయం ఎవరికి ఎప్పుడు తెలుస్తుందన్న లెక్క మొత్తం తిరగరాసుకోవాలి. సర్వనామాలు మార్చి ఊరుకున్న రచనల్లో పిల్లవాడు తను లేని గదిలో జరిగిన మాటలు కూడా పూసగుచ్చినట్టు చెబుతుంటాడు. ఏడేళ్ళ పాఠకులు కూడా ఆ దొంగతనం పట్టేస్తారు.

జాతర నేపథ్యంలో ఇంకో ఇబ్బంది ఉంది. బండ వేషం, తోటి వేషం కట్టినవాళ్ళు ఎదురొచ్చినవాళ్ళని బూతులు తిడతారు. అది ఆ వేషంలో భాగం, తిట్టించుకున్నవాళ్ళు కోపం తెచ్చుకోరు. పిల్లల నవలలో దాన్ని ఏం చెయ్యాలి? సర్వసాక్షి కథకుడు 'అసభ్యకరమైన మాటలు అన్నారు' అని రాసి, దానికింద ఆచారం గురించి ఒక పేరా వివరణ కట్టుకోవాల్సి వస్తుంది. చందుకి ఆ బరువు లేదు. "ఒళ్ళంతా బొగ్గు పూసుకున్న ఒకాయన మా మామ ముందర నిలబడి ఏందో అన్నాడు. అవ్వ నా చెవులు రెండూ మూసేసింది. మా మామ నవ్వతా ఉండాడు." తిట్టు రాయలేదు, దాచనూ లేదు. పిల్లవాడి ఎత్తు నుంచి చూసినందువల్ల దొరికిన పరిష్కారం ఇది.

ఈ రెండింటికీ మధ్య ఒక దారి ఉంది. కథ ప్రథమ పురుషలోనే, 'వాడు' అనే నడుస్తుంది కానీ కథకుడు ఒక్క పిల్లవాడి భుజం దాటి చూడడు. "అంతమంది జనంలో ఆమె తన ముందే ఎందుకు ఆగింది? తనేం తప్పు చేశాడు? చందు తల దించుకున్నాడు. బొటనవేలికి గోరు లేదు. ఎక్కడో చూసిన కాలు." చివరి వాక్యం ఎవరిది? కథకుడిదీ కాదు, చందు పైకి అన్నదీ కాదు. వాడి లోపలి మాట కొటేషన్ గుర్తులు లేకుండా కథనంలో కలిసిపోయింది. 'తను' అనే చిన్న మాట ఇందులో చాలా పని చేస్తుంది. మొత్తం నవలని 'నేను'తో నడపడానికి జంకే కొత్త రచయితలకి నేను ముందుగా చెప్పేది ఈ పద్ధతే.

'నేను'లోనూ రెండు రకాలున్నాయి, వాటిని కలిపేయడం వల్ల చాలా నవలలు చెడుతున్నాయి. ఒకటి, ఇప్పుడు తొమ్మిదేళ్ళున్న నేను. రెండోది, పెద్దయ్యాక వెనక్కి తిరిగి చెప్పుకునే నేను. రెండోవాడు ఇట్లా మొదలుపెడతాడు: "ఆరోజు నేను మొహం దాచుకోవడం నాయనకి ఎంత గుచ్చుకుందో, నాకూ ఒక కొడుకు పుట్టాక గానీ తెలియలేదు." మంచి వాక్యమే. కానీ ఈ ఒక్క వాక్యంతో నవల చందు చేతుల్లోంచి జారిపోయింది. ఇక అది తండ్రి గురించిన పుస్తకం, పోయిన కాలం గురించిన పుస్తకం. తొమ్మిదేళ్ళ చదువరికి కావలసింది జాతరలో ఇప్పుడు ఏమవుతుందన్నది. ముప్ఫై ఏళ్ళ తర్వాత కలిగే పశ్చాత్తాపంతో ఆ బిడ్డకి పని లేదు.

తెలుగులో ఈ రెండు 'నేను'లకీ దగ్గరగా చూడదగ్గ పుస్తకాలున్నాయి. ముళ్ళపూడి వెంకటరమణ 'బుడుగు'లో మాట్లాడేది బుడుగే. పెద్దవాళ్ళు చేసే పనులకి వాడికి తోచిన అర్థం వాడు చెబుతాడు, అసలు అర్థం మనకి వాడి మాటల సందులోంచి కనబడుతుంది. బుడుగుకి తెలియనిది చదువరికి తెలియడంలోనే ఆ నవ్వంతా ఉంది. అందుకే అది పిల్లలకి ఒక పుస్తకం, పెద్దలకి ఇంకో పుస్తకం. బుడుగు గురించి వేరెవరో చెప్పినట్టు రాసి ఉంటే, 'వాడు ఇట్లా అనుకున్నాడు, అసలు సంగతేమంటే' అని ప్రతిసారీ విడమర్చాల్సి వచ్చేది, నవ్వు అక్కడికక్కడే చచ్చేది. మన చిత్తూరు ప్రాంతానికి వస్తే, నామిని సుబ్రమణ్యం నాయుడు 'పచ్చనాకు సాక్షిగా'లో తిరుపతి పక్క పల్లెలో గడిచిన చిన్నతనాన్నీ, అమ్మనీ ఆ ఊరి మాటల్లోనే చెప్పాడు. అక్కడ జ్ఞాపకం పెద్దవాడిదే అయినా, గొంతు మాత్రం పెద్దమనిషి గొంతు కాలేదు. అది అంత సులువుగా ఒంటబట్టే విద్య కాదు.

దృష్టికోణం మారితే నవల ఎంత మారుతుందో రుజువు కావాలంటే, ఒకే ఊరు, అవే పాత్రలు, ఒకే రచయిత, రెండు రకాల కథనం ఉన్న పుస్తకాలు చూడాలి. మార్క్ ట్వైన్ మనకి ఆ అవకాశం ఇచ్చాడు. 1876లో వచ్చిన 'టామ్ సాయర్' ప్రథమ పురుషలో ఉంది. 1884 డిసెంబరులో ఇంగ్లండులోనూ, 1885లో అమెరికాలోనూ వచ్చిన 'హకల్‌బెరీ ఫిన్' హక్ నోటితో ఉంది. రెండింటినీ నండూరి రామమోహనరావు తెలుగు చేశారు కాబట్టి మన పిల్లలకీ అందుబాటులోనివే. టామ్ కథ రాయడం పూర్తయ్యాక 1875లో ట్వైన్ తన మిత్రుడు హోవెల్స్‌కి ఉత్తరం రాస్తూ, దీన్ని ఉత్తమ పురుషలో, అంటే 'నేను' అని, రాయకపోవడం బహుశా పొరపాటేమో అన్నాడు. ఎప్పటికైనా పన్నెండేళ్ళ పిల్లవాణ్ణి తీసుకుని వాడి నోటితోనే కథ నడిపిస్తాననీ, కానీ ఆ పిల్లవాడు టామ్ కాడనీ, అందుకు టామ్ సరిపోడనీ కూడా రాశాడు.

టామ్ ఎందుకు సరిపోడు? నాకు తోచినది చెబుతాను. టామ్ తన ఊరిని నమ్మినవాడు. అల్లరి చేసినా, చివరికి ఆ ఊరి మెప్పు కోసమే చేస్తాడు. వాడి అల్లరిని కాస్త ఎత్తు నుంచి, ముచ్చటగా చూసే పెద్దాయన ఒకడు కథ చెబితే బాగుంటుంది, ట్వైన్ అదే చేశాడు. హక్ ఊరి అంచున బతికేవాడు, తాగుబోతు కొడుకు. వాడు చూసే ఊరు వేరు. ఆ పుస్తకం మొదట్లోనే హక్, ట్వైన్ అనే ఆయన ఇంతకుముందు పుస్తకం రాశాడనీ, అందులో కొన్ని సాగదీసినా చాలావరకు నిజమే చెప్పాడనీ అంటాడు. పాత కథకుడికి కొత్త కథకుడు ఇచ్చిన కితాబు అది. ఇకనుంచి నా మాట వినండి అన్నట్టు.

ఇక అసలు సన్నివేశం. హక్‌తో తెప్ప మీద పారిపోతున్న జిమ్ నల్లజాతి బానిస. అప్పటి చట్టం ప్రకారం మిస్ వాట్సన్‌కి 'ఆస్తి'. బానిస పారిపోవడానికి సాయపడటం దొంగతనమనీ పాపమనీ హక్‌కి చిన్నప్పటినుంచి నేర్పారు. భయపడి, జిమ్ ఎక్కడున్నాడో చెబుతూ ఆమెకి ఉత్తరం రాస్తాడు. రాశాక మనసు తేలికపడినట్టు అనిపిస్తుంది. అప్పుడు జిమ్ తనకి చేసిన మేళ్ళన్నీ గుర్తుకొస్తాయి. తను నిద్రపోతుంటే లేపకుండా తన వంతు కాపలా కూడా కాసినవాడు, తను కనబడగానే పొంగిపోయినవాడు. హక్ ఆ ఉత్తరం వంక చూసి, సరే, నరకానికే పోతానులే అనుకుని చింపేస్తాడు.

ఈ ఘట్టంలో హక్ తను మంచిపని చేశానని అనుకోవడం లేదు. తను చెడిపోయానని నిజంగా నమ్ముతున్నాడు. అది మంచి అని తెలిసేది మనకి ఒక్కళ్ళకే. ప్రథమ పురుషలో, సర్వసాక్షి దీన్నే చెబితే ఏమయ్యేది? 'సమాజం నేర్పిన అబద్ధాన్ని ఆ చిన్ని హృదయం జయించింది' అనైనా అనాలి, ఏమీ అనకుండా ఊరుకోనైనా ఊరుకోవాలి. మొదటిది అన్నాక చదువరికి చెయ్యడానికి పనేమీ మిగలదు. హక్ చెప్పడం వల్ల, హక్ తప్పనుకున్నదాన్ని ఒప్పని తేల్చే బాధ్యత పన్నెండేళ్ళ పాఠకుడి మీద పడింది. ఆ తీర్పు వాడు సొంతంగా ఇచ్చుకున్నది, కాబట్టి వాడితోనే ఉంటుంది.

తెలుగు పిల్లల కథల్లో నీతి ఎక్కువైందని అందరం అంటుంటాం. ఆ నీతి ఎక్కడ కూర్చుని ఉంటుందో గమనించండి. పాత్రల మాటల్లో తక్కువ, కథకుడి కుర్చీలో ఎక్కువ. పైనుంచి చూసే పెద్దాయన 'పాపం', 'తెలివితక్కువగా', 'బుద్ధిమంతుడైన' లాంటి మాటలు దారి పొడవునా చల్లుకుంటూ పోతాడు. కథకుణ్ణి మారిస్తే ఆ మాటలు పెట్టుకోవడానికి చోటే ఉండదు. తనని తాను 'బుద్ధిమంతుడైన నేను' అని ఏ పిల్లవాడూ అనుకోడు.

సర్వసాక్షి గొంతుతో తెలుగులో ఇంకో చిక్కుంది, దాని గురించి మనం పెద్దగా మాట్లాడుకోం. ప్రతి మనిషికీ కథకుడు 'వాడు', 'అతను', 'ఆయన' అని ఒక మెట్టు కేటాయించక తప్పదు. చెత్తబండి తోసే మనిషి 'వాడు', తహసీల్దారు 'ఆయన', పనిమనిషి కూతురు 'అది', యజమాని కూతురు 'ఆమె'. రాసినవాళ్ళు కావాలని చెయ్యరు, చేతికి అలవాటైపోయింది. కానీ అది పుస్తకంలో తటస్థమైన గొంతుగా కూర్చుంటుంది, చదివే పిల్లలు అదే లోకం తీరని అనుకుంటారు. పిల్లవాడు చెబితే ఈ మెట్లు మాయమైపోవు, కానీ వాడి వరసలు వేరు. పొద్దున్నే వీధి ఊడ్చే మనిషి వాడికి 'మునెమ్మక్క'. ఒకవేళ వాడు కూడా ఇంట్లో విని 'అది' అన్నాడనుకోండి, అప్పుడది రచయిత అభిప్రాయంగా కాక, వాడు పెరిగిన ఇంటి సంగతిగా చదువరికి కనబడుతుంది. నవల నడిచేకొద్దీ వాడి నోట ఆ 'అది' కాస్తా 'అక్క'గా మారితే, ఒక్క ఉపన్యాసం లేకుండా వాడు ఎంత మారాడో చెప్పినట్టే.

భాష మాటెత్తితే యాస మాట కూడా వస్తుంది. 'ఉండాది', 'యాడికి', 'పిలకాయలు' అని రాస్తే మిగతా జిల్లాల పిల్లలకి అర్థం కాదని ఇక్కడి రచయితలే వెనకాడుతుంటారు. ప్రథమ పురుష కథనంలో ఈ భయం కొంతవరకు న్యాయమే. కథకుడు ఎవరో తెలియనప్పుడు అతను చిత్తూరు మాట ఎందుకు మాట్లాడుతున్నాడన్న ప్రశ్న వస్తుంది. కానీ చందు చెబుతుంటే వాడు వేరే భాష మాట్లాడటమే వింత. పిల్లలు సందర్భాన్ని బట్టి మాటల అర్థం లాక్కోగలరు, రోజూ చేసేది అదే. చెనిక్కాయలంటే ఏమిటో నవల రెండో పేజీలో వాడు ఒలుచుకుని తింటుంటే కోస్తా పిల్లకి తెలిసిపోతుంది.

ఉత్తమ పురుష అన్నిటికీ మందు అని మాత్రం అనుకోకూడదు. పిల్లవాడి నోట్లో పెద్దవాడి వాక్యం పెడితే సర్వసాక్షి కంటే ఘోరంగా ఉంటుంది. "నా పసిమనసు ఆ దృశ్యానికి విలవిల్లాడింది" అని తొమ్మిదేళ్ళ పిల్లవాడు చెబుతుంటే చదివేవాళ్ళు వాణ్ణి నమ్మరు. తన మనసు పసిదని పసివాడికి ఎట్లా తెలుస్తుంది? ఇట్లాంటి చోట ఆ పిల్లవాడికి కనబడిందీ వినబడిందీ మాత్రం ఉంచి, పేర్లు పెట్టిన భావాలన్నీ కొట్టేసి చూడండి. పేరా సగానికి తగ్గుతుంది, మిగిలిన సగం నిలబడుతుంది.

ఇంకోటి, పాఠకుల పక్షపాతం. కథ ఎవరు చెబుతుంటే వాళ్ళ వైపు ఒరుగుతాం. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అభయారణ్యం అంచు ఊళ్ళలో ఏనుగులు పొలాల్లో పడటం మామూలు. దాని మీద నవల రాస్తే, రైతు కూతురు చెబితే రాత్రంతా నిద్రలేకుండా టపాకాయలతో కాపలా కాసే నాయన, తెల్లారేసరికి నేలమట్టమైన చెరుకు. ఏనుగు పిల్ల చెబితే దారికడ్డంగా కరెంటు కంచె, నీళ్ళ కోసం నడక, వెనక పేలుళ్ళు. రెండూ నిజాలే, కానీ ఒక్కో నవలలో ఒక్కో ప్రాణి శత్రువు. జంతువు నోట కథ చెప్పించడం పిల్లలకి సరదా కోసమే అనుకోనక్కరలేదు. అన్నా సెవెల్ 1877లో 'బ్లాక్ బ్యూటీ'ని గుర్రం నోట చెప్పించింది. బండి గుర్రం తల దించకుండా తోలు పట్టీతో బిగించి కట్టే అలవాటు అప్పట్లో షోకు. ఆ పట్టీ ఎట్లా బాధపెడుతుందో గుర్రమే చెప్పేసరికి జనం ఆ అలవాటు మీద తిరగబడ్డారు. ఏనుగుల నవల నేను రాస్తే మాత్రం అమ్మాయికీ ఏనుగు పిల్లకీ ప్రకరణం మార్చి ప్రకరణం ఇస్తాను. ఒకరికే ఇస్తే రెండోవాళ్ళకి అన్యాయం చేసినట్టవుతుంది.

ఇట్లా ఇద్దరు కథకుల్ని పెట్టడంలో ఒక జాగ్రత్త కావాలి. ఆర్. ఎల్. స్టీవెన్సన్ 'ట్రెజర్ ఐలండ్' 1883లో పుస్తకంగా వచ్చింది. తెలుగులో 'కాంచన ద్వీపం'. దాదాపు కథంతా జిమ్ హాకిన్స్ అనే కుర్రవాడు చెబుతాడు. సంపద ఇంకా కొంత అక్కడే ఉంది కాబట్టి ద్వీపం ఎక్కడుందో మాత్రం చెప్పనని మొదట్లోనే అంటాడు. అంటే వాడు బతికి బయటపడ్డాడని మనకి మొదటి పేజీలోనే తెలుసు. బతుకుతాడా అన్న ఉత్కంఠ పోయి ఎట్లా బతికాడన్న ఉత్కంఠ మిగులుతుంది. 'నేను' చెప్పే ప్రతి సాహస కథా కట్టాల్సిన సుంకం ఇది. అయితే నడిమధ్యలో ఓడనుంచి మిగతావాళ్ళు కోటలోకి చేరే సమయానికి జిమ్ అక్కడ లేడు. స్టీవెన్సన్ ఏదో సాకు చెప్పి జిమ్‌ని అక్కడికి లాక్కురాలేదు. 16, 17, 18 ప్రకరణాలు డాక్టర్ లివ్సీ చేత చెప్పించి, ఆ సంగతి ప్రకరణం శీర్షికలోనే పెట్టాడు. పంతొమ్మిదోదాంట్లో జిమ్ మళ్ళీ అందుకుంటాడు. డాక్టర్ గొంతు పొడిగా, లెక్కగా ఉంటుంది, జిమ్ గొంతులోని గుండెదడ ఉండదు. ఎవరు మాట్లాడుతున్నారో శీర్షిక చూడకుండానే తెలిసిపోయేంత తేడా.

ఇద్దరు కథకులతో రాసిన ప్రతికి నేను పెట్టే పరీక్ష కూడా అదే. ప్రకరణాల పైన పేర్లు కప్పేసి, మధ్యలో ఎక్కడో ఒక పేరా పదేళ్ళ పిల్లలకి చదివి వినిపించి, ఎవరు మాట్లాడుతున్నారో అడగాలి. వాళ్ళు తడుముకుంటే నవలలో ఉన్నది ఇద్దరు కాదు, రచయిత ఒక్కడే.